సాయంత్రం ఏడింటికి మసకబారే రేపు

పొద్దున్నే మొహం కడుక్కుంటూ "ఇవాళ్టి నుంచి ముట్టను" అనుకున్న మనిషి, సాయంత్రం ఏడయ్యేసరికి వైన్స్ ముందు ఎందుకు నిలబడతాడు? ఇళ్లల్లో దీనికి రెండే జవాబులు వినిపిస్తాయి. పొద్దున అన్న మాట అబద్ధమైనా అయ్యుండాలి, మనిషి గట్టివాడైనా కాకపోయుండాలి. వ్యసనాల మీద కొన్ని దశాబ్దాలుగా జరుగుతున్న పరిశోధన మూడో జవాబు చెబుతోంది. పొద్దున మాటా నిజమే, సాయంత్రం కోరికా నిజమే. ఈలోగా మందు బాగా దగ్గరికొచ్చింది, మర్నాటి ఉదయం ఇంకా దూరంలోనే ఉంది, అంతే. ఆ దూరాన ఉన్నదాన్ని సరిగ్గా ఆ వేళకి దగ్గరికి లాక్కునే పద్ధతి ఒకటుంది. దాన్ని ఎపిసోడిక్ ఫ్యూచర్ థింకింగ్ అంటారు. మన జీవితంలో ముందు జరగబోయే ఒక ఘట్టాన్ని, అందులో మనం ఉన్నట్టే, ముందుగా అనుభవించి చూడటం. 2001లో క్రిస్టినా అటాన్స్, డానియెలా ఓనీల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ మాటను వాడుకలోకి తెచ్చారు. తాగుడు సమస్యకు దీన్ని వాడటం ఆ తర్వాత మొదలైంది.

మనసు తీసే తరుగు

ధాన్యం కాటా దగ్గర తరుగు తీస్తారు. మనసు కూడా ఆలస్యంగా వచ్చే ప్రతి మంచికీ తరుగు తీస్తుంది. ఇప్పుడే చేతికొచ్చే వెయ్యి రూపాయలు వెయ్యే. నెల తర్వాత వస్తుందంటే మనసు దాన్ని వెయ్యిగా లెక్కకట్టదు. దీన్నే డిలే డిస్కౌంటింగ్ అంటారు. ఈ తరుగుకి 1987లో జేమ్స్ మేజర్ అనే శాస్త్రవేత్త ఒక సూత్రం ఇచ్చాడు: ఆలస్యాన్ని తరుగు రేటుతో గుణించి, దానికి ఒకటి కలిపి, వచ్చినదానితో అసలు విలువను భాగించాలి.

రోజుకి తరుగు రేటు 0.01 ఉన్న మనిషికి నెల తర్వాత వచ్చే వెయ్యి ఇప్పటి 769 రూపాయలతో సమానం. రేటు 0.1 ఉంటే అదే వెయ్యి 250కి పడిపోతుంది. ఏడాది తర్వాత వచ్చేదైతే మొదటి మనిషికి 215, రెండో మనిషికి 27. తాగుడు, సిగరెట్, ఇతర మత్తుల సమస్య ఉన్నవాళ్లలో ఈ తరుగు మిగతావాళ్లకంటే ఎక్కువగా ఉంటుందని చాలా అధ్యయనాల్లో మళ్లీమళ్లీ తేలింది. "లివర్ పాడవుతుంది" అన్న హెచ్చరిక అలాంటి మనిషికి ఎందుకు ఎక్కదో ఈ 27 రూపాయల లెక్క చెబుతుంది. హెచ్చరిక అర్థం కాక కాదు. పదేళ్ల తర్వాతి లివర్‌కి ఈ సాయంత్రం దొరికే ధర అంతే.

ఈ సూత్రంలో ఇంకో మెలిక ఉంది. పొద్దున ఒట్టు సాయంత్రానికి ఎందుకు తీసి గట్టున పెడతారో అక్కడే తెలుస్తుంది. అర్థం కావడానికి కొన్ని అంకెలు ఊహించుకుందాం. రాత్రి 8 గంటల మందుకి విలువ 40 అనుకోండి. మర్నాడు ఉదయం 6 గంటలకి తలనొప్పి లేకుండా లేచి, పిల్లల్ని స్కూలుకి తయారుచేసి, టైముకి పనికెళ్లడానికి విలువ 100. గంటకి తరుగు రేటు 0.2.

ఈ రోజు ఉదయం 8 గంటలకి లెక్క వేస్తే, మందు 12 గంటల దూరంలో ఉంది, దాని విలువ సుమారు 12. మర్నాటి ఉదయం 22 గంటల దూరంలో ఉంది, దాని విలువ 18.5. ఉదయమే గెలిచింది. అందుకే ఆ ఒట్టులో అబద్ధం లేదు. రాత్రి 8 గంటలకి మళ్లీ లెక్కవేస్తే మందు ఎదురుగా ఉంది, పూర్తి 40. మర్నాటి ఉదయం ఇంకా 10 గంటల దూరం, దాని విలువ 33. మందు గెలిచింది. మనిషీ మారలేదు, అతని ఇష్టాయిష్టాలూ మారలేదు. గడియారం తిరిగింది.

ఇప్పుడు తరుగు రేటును 0.1కి దించి చూడండి. రాత్రి 8 గంటలకి మర్నాటి ఉదయం విలువ 50 అవుతుంది. మందు 40 దగ్గరే ఉంది. ఒట్టు నిలబడింది. ఈ పద్ధతి మొత్తం ఆ 0.2ని కాస్త కిందికి దించే ప్రయత్నం. మందు ఆకర్షణను తగ్గించడానికి తిట్టడం, భయపెట్టడం, దాచిపెట్టడం మనకు బాగా అలవాటు. తక్కెడ రెండో పళ్లెంలో బరువు పెంచడం మనం ఎప్పుడోగానీ చేయం.

ఊహ వల్ల తరుగు ఎందుకు తగ్గుతుంది

జరిగిపోయింది గుర్తుచేసుకోవడం, జరగబోయేది ఊహించుకోవడం మెదడులో చాలావరకు ఒకే చోట జరుగుతాయి. 2007లో లండన్ పరిశోధకులు డెమిస్ హసాబిస్, ఎలినార్ మగ్వైర్ బృందం మెదడులో జ్ఞాపకాలను కూర్చే హిప్పోకాంపస్ అనే భాగం దెబ్బతిని జ్ఞాపకశక్తి పోయినవాళ్లను "ఇసుక తీరంలో పడుకున్నట్టు ఊహించుకోండి" అనే తరహా పనులు చేయమంది. వాళ్లలో చాలామంది ఆ దృశ్యాన్ని ఒక్కచోట కూర్చలేకపోయారు. ముక్కలు ముక్కలుగా చెప్పారు. రేపటిని కట్టడానికి ఇటుకలు నిన్నటి నుంచే రావాలని దీని అర్థం.

2010లో జర్మనీకి చెందిన యాన్ పీటర్స్, క్రిస్టియాన్ బ్యూషెల్ ఇంకో అడుగు వేశారు. డబ్బు ఇప్పుడు కావాలా, తర్వాత ఎక్కువ కావాలా అని అడిగేటప్పుడు, ఆ "తర్వాత" అనే రోజుకి ఆ మనిషి జీవితంలో నిజంగా ఉన్న ఒక కార్యక్రమాన్ని జతచేసి చూపించారు. తరుగు తగ్గింది. ఊహ ఎంత స్పష్టంగా ఉంటే అంత ఎక్కువ తగ్గింది. "45 రోజుల తర్వాత" అనేది వట్టి అంకె. "45 రోజుల తర్వాత, అక్క వాళ్లింట్లో" అనగానే ఆ రోజుకి గుమ్మం, మనుషులు, వాసన వచ్చేస్తాయి.

తాగుడు సమస్య మీద దీన్ని పరీక్షించిన వాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది అమెరికాలోని వర్జీనియా టెక్‌లో పనిచేసిన వారెన్ బికెల్ బృందం. 2016లో వాళ్లు మద్యానికి బానిసైనవాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టు రాబోయే ఘట్టాలను ఊహించింది. రెండో జట్టు ఈ మధ్యే జరిగిన ఘట్టాలను అంతే వివరంగా గుర్తుచేసుకుంది. వివరంగా ఆలోచించినందువల్లే ఫలితం వచ్చిందేమో అన్న అనుమానం తీరడానికే ఆ రెండో జట్టు. రాబోయేది ఊహించిన జట్టులో తరుగు తగ్గింది. "పెగ్గు ఈ ధర అయితే ఎన్ని కొంటారు, ఈ ధర అయితే ఎన్ని" అని వరసగా అడిగే పరీక్షలో మందుకి గిరాకీ కూడా తగ్గింది. మరుసటి ఏడాది ఆస్ట్రేలియాలో ఆడమ్ బుల్లీ, మాథ్యూ గల్లో యూనివర్సిటీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలోనూ తరుగు, గిరాకీ రెండూ తగ్గాయి.

అయితే ఇక్కడ ఆగి చూడాలి. కాగితం మీద గిరాకీ తగ్గడం వేరు, గ్లాసు కింద పెట్టడం వేరు. ఊహల్ని ఫోన్‌కి సందేశాలుగా పంపి, నిజ జీవితంలో తాగే మోతాదును కొలిచిన ప్రయోగాలు కూడా వచ్చాయి, తగ్గుదల కనిపించింది. కానీ అవి చిన్నవి, కొద్ది వారాల పాటే సాగినవి. ఏడాది, రెండేళ్లు నిలిచే ఫలితమని చెప్పడానికి కావలసినంత ఆధారం ఇంకా లేదు. పాల్గొన్నవాళ్లు పరిశోధకులకి ఏం కావాలో పసిగట్టి అలా జవాబిస్తున్నారేమో అన్న విమర్శ కూడా ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. కాబట్టి ఇది చికిత్సకి బదులు వాడేది కాదు. కౌన్సెలింగ్, అవసరమైతే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులు, వాటి పక్కన పెట్టుకోవాల్సిన పనిముట్టు. ఖర్చు లేదు, దుష్ప్రభావం దాదాపు లేదు, పావుగంటలో నేర్చుకోవచ్చు. అందుకే తెలుసుకోవడం మంచిదని మా అభిప్రాయం.

మొదలుపెట్టే ముందు ఒక కొలత

ఎంత తాగుతున్నారో లెక్క తెలియకుండా తగ్గిందో లేదో తెలియదు. మన దేశంలో ఒక ప్రామాణిక డ్రింక్ అంటే 10 గ్రాముల ఆల్కహాల్. సీసా మీద 42.8 శాతం అని ఉండే విస్కీ, బ్రాందీ, రమ్ములో 30 మిల్లీలీటర్లు అంటే ఒకటి. నైంటీ అంటే మూడు, క్వార్టర్ అంటే ఆరు. 8 శాతం ఉండే 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు ఒక్కటి నాలుగు డ్రింకులు. "నేను బీరే తాగుతా" అనేవాళ్లు రెండు సీసాలతో క్వార్టర్ దాటిపోతున్నారని చాలామందికి తెలియదు. కల్లు ఘాటు చెట్టుని బట్టి, పులిసిన గంటల్ని బట్టి మారుతుంది కాబట్టి, దాన్ని గ్లాసుల్లోనే రాసుకోవడం నయం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే పది ప్రశ్నల పరీక్ష ఉంది. మొత్తం 40 మార్కులు. 8 గానీ ఆ పైన గానీ వస్తే తాగుడు ప్రమాదం వైపు నడుస్తోందని, 20 గానీ ఆ పైన గానీ వస్తే బానిసత్వం ఉండే అవకాశం ఉందని అర్థం. 20 గానీ ఆ పైన గానీ వచ్చినవాళ్లు, పొద్దున్నే ఒక పెగ్గు పడితేగానీ చేతి వణుకు తగ్గనివాళ్లు, ఎప్పుడైనా మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లు ఇంట్లో ఒక్కసారిగా మానేయకూడదు. చివరి గ్లాసు తర్వాత కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు మతి తప్పి, లేనివి కనిపించి, ప్రాణం మీదికి రావచ్చు. దీన్ని దయ్యం పట్టిందనో, మానడం పడలేదనో అనుకుని మళ్లీ మందు పోసిన ఇళ్లున్నాయి. ఆస్పత్రిలో మందులతో, విటమిన్ బి1 ఇంజెక్షన్లతో దీన్ని క్షేమంగా దాటించవచ్చు. ఊహలు, వాటిని రాసుకునే చీటీలు ఆ తర్వాతి సంగతి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి గానీ, మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446కి గానీ ఫోన్ చేస్తే దగ్గర్లో ఎక్కడికి వెళ్లాలో చెబుతారు.

చీటీ రాయడం

ఒక్కో ఘట్టానికి ఒక్కో చీటీ. వారం, నెల, మూడు నెలలు, ఆరు నెలలు, ఏడాది: ఈ ఐదు దూరాల్లో ఐదు చీటీలు. వారం చీటీతోనే మొదలుపెట్టాలి. తరుగు ఎక్కువ ఉన్న మనిషికి ఏడాది అవతల ఏమీ కనిపించదు. "వచ్చే ఏడాది ఏం చేస్తుంటావు" అని ముందే అడిగితే, "ఏముంది, ఇంతే" అన్న జవాబు వస్తుంది, పని అక్కడే ఆగిపోతుంది. దగ్గరి రోజు నుంచి ఒక్కో మెట్టూ ఎక్కాలి.

ఘట్టం ఎంచుకోవడానికి కొన్ని షరతులున్నాయి. అది సంతోషమిచ్చేది కావాలి. నిజంగా జరిగే అవకాశం ఉన్నది కావాలి, వీలైతే తేదీ ఉన్నది. అందులో మీరు ఏదో ఒక పని చేస్తూ ఉండాలి, పక్కన నిలబడి చూస్తూ ఉండకూడదు. అక్కడ మందు ఉండకూడదు. ఈ చివరి షరతు మన దగ్గర చాలా కష్టం. పెళ్లి, పుట్టినరోజు, గృహప్రవేశం, జాతర, క్రికెట్ ఫైనల్, ఏది తలుచుకున్నా సాయంత్రానికి సిట్టింగ్ వెంటే వస్తుంది. దీనికి పనికొచ్చే ఉపాయం ఒకటుంది: పొద్దుటి ఘట్టాలు ఎంచుకోండి. భోగి మంట తెల్లవారుజామున వేస్తారు. పిల్లల స్కూలు ఆటల పోటీలు పొద్దునే. అమెరికాలో ఉన్నవాళ్లకి టికెట్లు బుక్కయిన అమ్మానాన్నలు విమానం దిగే ఉదయం. పెళ్లే కావాలనుకుంటే రాత్రి బరాత్ వదిలేసి, తెల్లారి తలంబ్రాల దగ్గర ఆగండి.

ఇక రాయడం. మొదటిసారి దాదాపు అందరూ ఇలా రాస్తారు: "ఆరు నెలల తర్వాత నేను మందు పూర్తిగా మానేసి కుటుంబంతో సంతోషంగా ఉంటాను." ఇది పనిచేయదు. ఇందులో చోటు లేదు, వేళ లేదు, చేతికి పని లేదు. పైగా ఉన్న ఒకే ఒక్క వస్తువు మందు. చదివినప్పుడల్లా కళ్ల ముందుకొచ్చేది అదే. పనిచేసే చీటీ ఇలా ఉంటుంది:

"ఇంకో నెలకి, ఆదివారం పొద్దున ఆరున్నర. నేనూ మా పెద్దోడూ చెరువు గట్టు మీదున్నాం. వాడికి సైకిల్ నేర్పుతున్నా. వెనక సీటు పట్టుకుని పరిగెత్తుతుంటే చెప్పుల కింద మట్టి తడిగా తగులుతోంది. 'నాన్నా, వదలకు' అని అరుస్తున్నాడు. నేను వదిలేశా. వాడికి తెలీదు. పది గజాలు ఒక్కడే వెళ్లాడు. నాకు ఊపిరి అందట్లేదు, నవ్వు ఆగట్లేదు."

గమనించండి, మొదటి మాటలోనే దూరం ఉంది. క్రియలన్నీ ఇప్పుడే జరుగుతున్నట్టు ఉన్నాయి. కంటికి, చెవికి, కాలికి తగిలేవి ఉన్నాయి. మందు అన్న మాటే లేదు. "మానేశాను" అన్న గొప్ప కూడా లేదు. చదవడానికి నిమిషం లోపే పడుతుంది. భాష ఆ మనిషి ఇంట్లో మాట్లాడే భాషే కావాలి. కౌన్సెలర్ పుస్తక భాషలోకి దిద్దితే అది కౌన్సెలర్ చీటీ అయిపోతుంది.

వివరాలు రాబట్టడానికి అడగాల్సినవి: ఎక్కడున్నారు, పక్కన ఎవరున్నారు, వాళ్లేం మాట్లాడుతున్నారు, ఏం కనిపిస్తోంది, ఏ వాసన, చేతుల్లో ఏముంది, ఒంట్లో ఎలా ఉంది. జవాబులు రాకపోతే వెనక్కి వెళ్లండి. అలాంటి పాత రోజు ఒకటి గుర్తుచేసుకోమని, అందులోంచి గట్టు, మట్టి, గొంతు అరువు తెచ్చుకోమని చెప్పండి. చాలా ఏళ్లు బాగా తాగినవాళ్లలో జ్ఞాపకాలు మసకబారతాయి, ఊహ కూడా దాంతోపాటే మసకబారుతుంది. దాన్ని బద్ధకం అనుకోకూడదు. అలాంటివాళ్లకి పాత ఫొటోలు ముందు పెట్టుకుని మొదలుపెట్టడం మంచిది.

రాశాక కళ్లు మూసుకుని చూసి మూడు మార్కులు వేసుకోవాలి. ఎంత స్పష్టంగా కనిపించింది, ఎంత సంతోషంగా ఉంది, నాకు ఎంత ముఖ్యం. ఒక్కోదానికి అయిదు మార్కులు. ఏ ఒక్కటి నాలుగు కంటే తగ్గినా ఆ చీటీని దిద్దాలి, లేదా ఘట్టమే మార్చాలి.

చదవడం రానివాళ్లు, చదివే ఓపిక లేనివాళ్లు సొంత గొంతుతో ఫోన్‌లో రికార్డు చేసుకుంటే సరిపోతుంది. ఇంట్లోవాళ్ల గొంతు వద్దు. భార్య గొంతులో అదే మాట వింటే సంజాయిషీ అడిగినట్టు ఉంటుంది, తన గొంతులో వింటే తన కోరికలా ఉంటుంది.

ఏ వేళకి

మంచి చీటీ రాసి వేళ తప్పినవాళ్లే ఎక్కువ. పొద్దున పూజలాగా చదివి జేబులో పెట్టుకుంటే ప్రయోజనం తక్కువ, ఎందుకంటే పొద్దున లెక్క ఎలాగూ మర్నాటి వైపే ఉంది. మీరు మామూలుగా ఎన్నింటికి తాగుతారో చూసి, దానికి గంట ముందుకి అలారం పెట్టుకోండి. ఏడింటికి వైన్స్‌కి వెళ్లేవాళ్లకి ఆరింటికి. ఆ అలారానికి చీటీ చదివి, కళ్లు మూసుకుని ఒకటి రెండు నిమిషాలు ఆ చోట ఉండాలి. కోరిక మొదలయ్యాక ఇంకోసారి. తాగాలన్న ఉధృతి అలలాగా లేచి, ఏమీ పోయకపోతే సాధారణంగా అరగంట లోపు తగ్గుతుంది. ఆ అరగంట దాటించడమే చీటీ పని.

మొదటి పెగ్గు తర్వాత చదివితే ఫలితం ఉండదు. మందు లోపలికి వెళ్లగానే చూపు దగ్గరికి కుంచించుకుపోతుంది, ఎదురుగా ఉన్నది తప్ప మిగతాది కనిపించదు. 1990లో క్లాడ్ స్టీల్, రాబర్ట్ జోసెఫ్స్ దీనికి ఆల్కహాల్ మయోపియా అని పేరు పెట్టారు. తెలుగులో ఆల్కహాల్ హ్రస్వదృష్టి అనవచ్చు. అప్పుడు మిగిలేది లెక్క రాసుకోవడమే: ఈ రోజు ఎన్ని డ్రింకులు, చీటీ చదివానా లేదా, ఎన్నింటికి చదివాను. రెండు వారాల లెక్క చూస్తే చదివిన రోజులకీ, చదవని రోజులకీ తేడా ఉందో లేదో మీకే కనిపిస్తుంది. తేడా లేకపోతే చీటీ మార్చండి. ఎన్ని మార్చినా తేడా లేకపోతే ఇది మీకు సరిపడే పద్ధతి కాదని తెలిసిపోతుంది, ఇంకో దారి చూడొచ్చు.

కాళ్లకి కూడా ఒక మాట చెప్పి ఉంచాలి. పీటర్ గోల్‌విట్జర్ అనే శాస్త్రవేత్త "ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను" అనే ముందస్తు నిర్ణయాల మీద చాలాకాలం పనిచేశారు. "ఆరింటికి ఆఫీసు గేటు దాటగానే మెయిన్ రోడ్డు కాకుండా గుడి వీధిలోంచి వెళ్తాను" అన్నది చీటీ వెనకవైపు రాసుకోండి. ఊహ మనసుని తిప్పుతుంది, బండి హ్యాండిల్ తిప్పడానికి ఈ వాక్యం కావాలి.

చెడేది ఎక్కడ

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు భయాన్ని చీటీ మీద రాయడం. రక్తం కక్కుకోవడం, పిల్లలు రోడ్డున పడటం, శవం చుట్టూ ఏడుపులు. ఇంట్లోవాళ్లకి ఇదే బలమైన విరుగుడు అనిపిస్తుంది, కోపం వచ్చినప్పుడు అదే అంటారు కూడా. చెడు భవిష్యత్తుని ఊహింపజేసిన ప్రయోగాల్లో ఫలితాలు రెండు రకాలుగా వచ్చాయి. కొన్నిటిలో తరుగు తగ్గింది, కొన్నిటిలో పెరిగింది. మంచి ఘట్టాలతో అలాంటి గందరగోళం తక్కువ. దిగులు తట్టుకోలేకే తాగే మనిషి చేతిలో దిగులు చీటీ పెట్టడంలో ఉన్న ప్రమాదం వేరే చెప్పక్కర్లేదు.

రెండోది కూతురి పెళ్లి. భవిష్యత్తులో ఒక మంచి రోజు చెప్పమంటే తెలుగు తండ్రి నోట ముందుగా వచ్చేది అదే. కానీ పిల్లకి ఇప్పుడు పదేళ్లయితే ఆ రోజు చాలా దూరం. దృశ్యం రెండు నిమిషాలు సాగేసరికి బంగారం, ఫంక్షన్ హాలు, అప్పు వచ్చి కూర్చుంటాయి. సంతోషమని మొదలైనది గుండె బరువుతో ముగుస్తుంది. అదే కూతురితో వచ్చే శనివారం జడగంటలు కొనడానికి బజారుకి వెళ్లడం చిన్న ఘట్టమే, కానీ బాగా పనికొస్తుంది.

డబ్బు ఊసు వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఉద్యోగం ఊడినట్టు, ఆదాయం పడిపోయినట్టు ఒక చిన్న కథ చదివించి ఊహించుకోమంటేనే తరుగు పెరుగుతుందని బికెల్ బృందమే చూపించింది. కథకే అలా అయితే, నిజంగా పంట పోయిన ఇంట్లో, జీతం ఆగిన ఇంట్లో రేపు కనిపించకపోవడంలో వింత లేదు. అలాంటప్పుడు ఆరు నెలలు, ఏడాది చీటీలు పక్కనపెట్టి రేపు, ఎల్లుండి, వచ్చే ఆదివారం అనే దగ్గరి చీటీలతోనే నడపాలి.

మూడోది పగటికల. లక్ష్యం చేరిపోయినట్టు తియ్యగా ఊహించుకుంటూ కూర్చుంటే ప్రయత్నమే తగ్గుతుందని గాబ్రియెలె ఓట్టింగెన్ పరిశోధనలు చెబుతున్నాయి. 1991లో వచ్చిన ఆమె అధ్యయనంలో బరువు తగ్గడం గురించి మరీ తియ్యని ఊహలున్న స్త్రీలు తక్కువ బరువు తగ్గారు. ఇది మన పద్ధతికి అడ్డు కాదు, హద్దు చెబుతుంది. కొత్త కారు, కొత్త ఇల్లు, అందరూ చప్పట్లు కొట్టడం లాంటివి వద్దు. గట్టు మీద సైకిల్ చాలు. చీటీలో ఉన్న ఆదివారం రాగానే నిజంగా గట్టు మీదికి వెళ్లాలి. రెండు చీటీలు వరసగా నిజం కాకపోతే మూడోదాన్ని మనసు నమ్మదు.

డిప్రెషన్ ఉన్నవాళ్లకి ఘట్టాలు తోచవు, తోచినా సంతోషం మార్కు రెండు దాటదు. అక్కడ పట్టుబట్టకుండా ముందు డిప్రెషన్‌కి చికిత్స చూడాలి. "ముందుముందు నేను ఉండను" అన్న అర్థం వచ్చే మాట ఏది వినిపించినా చీటీ పక్కనపెట్టి, ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

ఇదంతా సైకియాట్రిస్టులు మాత్రమే చేయాలంటే మన దగ్గర కుదిరే పని కాదు. 2019లో వచ్చిన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. గోవాలో సంగత్ సంస్థ వైద్య చదువు లేని సాధారణ కౌన్సెలర్లకి శిక్షణ ఇచ్చి, హానికరంగా తాగే మగవాళ్లతో నాలుగు విడతలకి మించకుండా మాట్లాడించింది. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఫలితం ప్రకారం మూడు నెలలకి ప్రమాద స్థాయి నుంచి బయటపడ్డవాళ్లు కౌన్సెలింగ్ దొరికినవాళ్లలో 36 శాతం, దొరకనివాళ్లలో 26 శాతం. ఆ కౌన్సెలింగ్‌లో ఊహల చీటీలు లేవు. కానీ శిక్షణ పొందిన ఆశా కార్యకర్తలు ఐదు చీటీలు రాయించలేరని అనుకోవడానికి మాకు కారణం కనిపించడం లేదు. ప్రయోగం చేసి చూడదగ్గ పని ఇది.

మాల తీసిన మర్నాడు

తెలుగు నేల మీద ఈ సూత్రం పనిచేయడం ఏటా కళ్లతో చూస్తూనే ఉన్నాం. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు 41 రోజుల పాటు చుక్క ముట్టరు. ఏడాదంతా క్వార్టర్‌కి తగ్గకుండా తాగేవాళ్లు కూడా. దైవభక్తి, నలుగురి కళ్లు, "స్వామీ" అన్న పిలుపు, చన్నీళ్ల స్నానం, ఇవన్నీ కారణాలే. వాటితోపాటు తేదీ ఖరారైన ఒక ఘట్టం కూడా ఎదురుగా ఉంటుంది. నెత్తిన ఇరుముడి, పద్దెనిమిది మెట్లు, పక్కన ఎవరెవరు, ఏ బండిలో, అన్నీ ముందే కనిపిస్తుంటాయి. రోజూ సరిగ్గా సాయంత్రం వేళకే భజనలో అది మళ్లీ కళ్ల ముందుకొస్తుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. రోజూ పొద్దున్నుంచే తాగే మనిషి మాల వేసుకుని ఒక్కరోజులో ఆపేస్తే, పైన చెప్పిన ఫిట్స్, మతి తప్పడం మాలలో ఉన్నా వస్తాయి. మాలకి రెండు వారాల ముందే డాక్టర్ని కలవాలి. మందులు వాడటం దీక్షకి భంగమని ఎవరైనా అంటే గురుస్వామితోనే మాట్లాడించండి.

రెండోది, మాల తీశాక. కొండ దిగి ఇంటికొచ్చిన రోజున ముందు ఏ తేదీ లేదు. 41 రోజులు రెండో పళ్లెంలో ఉన్న బరువు ఒక్క పూటలో తీసేసినట్టే. చాలామంది మళ్లీ మొదలుపెట్టేది ఆ వారంలోనే. అందుకని తర్వాతి చీటీ ఇరుముడి కట్టుకునే రోజుకే రాసి ఉండాలి. తిరిగొచ్చిన పదో రోజుకో పదిహేనో రోజుకో, పొద్దుటి వేళ, తేదీతో సహా. మాల తీసిన సాయంత్రం ఆరింటికి ఫోన్‌లో మోగాల్సిన అలారం కూడా ఆ రోజే పెట్టేయాలి.